ఆయిల్ లైట్ ఆరకపోతే ఇంజన్ తిప్పబాక అల్లుడూ

అల్లుడూ, నీ మెసేజ్ చూశా. ఇంజన్ మొత్తం విప్పి కట్టినాక స్టార్టయింది గానీ డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ లైట్ ఆరట్లేదు, ఇంకాసేపు తిప్పితే అదే ఆరిపోద్దని పక్క షెడ్డోళ్లు అన్నారంటివే, ఆ మాట వినబాక, ముందు ఆపెయ్. కొత్త షెల్ బేరింగులు, అదే క్రాంకు తిరిగే అరచుట్టు రేకులు, ఆయిల్ లేకుండా కాసేపు తిరిగినా గీతలు పడతాయి, మళ్లా ఆ క్రాంకు ఎత్తుకోని కావలి నించి నెల్లూరు లేత్‌కి పోవాల్సొస్తది.

లైట్ వెలిగినంత మాత్రాన ప్రెషర్ లేదని కాదు, ఇంజన్ మీదుండే ఆయిల్ ప్రెషర్ స్విచ్ పోయినా వెలుగుద్ది, దాని వైరు యాడన్నా బాడీకి తగిలినా వెలుగుద్ది. అందుకని ఆ స్విచ్ విప్పి అదే బొక్కలో ప్రెషర్ చూపించే మెకానికల్ గేజ్ బిగించు, స్పార్క్ ప్లగ్గులు తీసెయ్, కాయిల్ కనెక్టరూ పెట్రోల్ పంపు ఫ్యూజూ పీకి సెల్ఫ్ కొట్టు. ఒకేసారి అదేపనిగా కొట్టబాక, పదేసి సెకన్లు కొట్టి మోటరు చల్లారనియ్. ముల్లు లేచిందంటే పంపు ఆయిల్ లాగుతున్నట్టే, అప్పుడు స్విచ్చూ వైరూ చూడు. వేడెక్కినాక ప్రతి 1000 ఆర్పీఎంకి 10 పీఎస్ఐ ప్రెషర్ ఉండాలనేది మన మెకానిక్కుల పాత లెక్క, నీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకో.

ముల్లు కదల్లేదా, ఆయిల్ ఫిల్టర్ విప్పి చూడు. లోపల ఎండిపోయి ఉంటే పంపు లాగట్లేదని అర్థం. పంపు కట్టేటప్పుడు గేర్లకి ఆయిల్ పట్టించకపోతే అది గాలినే తిప్పుకుంటా ఉంటది. వాజెలిన్ పెట్టి కట్టినా పర్లేదు, కరిగి ఆయిల్లో కలిసిపోద్ది, గ్రీజు మాత్రం పెట్టబాక.

అప్పటికీ రాకపోతే చాంబర్, అదే ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి, దించాల్సిందే. నాకు ఎక్కువ అనుమానం పంపు ఆయిల్ పీల్చే స్ట్రైనర్ పైపు రబ్బరు ఓ-రింగ్ మీద, పాతదే మళ్లా వేసినా, మడతపడినా చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టే, చాంబర్ నిండా ఆయిలున్నా పైకి రాదు. స్ట్రైనర్ జల్లెడలో సిలికాన్ పేస్టు ముక్కలున్నాయేమో చూడు, చాంబర్‌కి పేస్టు ఎక్కువ పూస్తే ఊడి అక్కడికే చేరతాయి. ప్రెషర్ ఎక్కువైతే ఆయిల్ వదిలే రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోతే ఆయిలంతా మళ్లా వెనక్కే పోద్ది. ఇంకోటి చాలామంది మర్చిపోయేది, బ్లాకు కడిగేటప్పుడు ఆయిల్ దారులకుండే మూతలు, గ్యాలరీ ప్లగ్గులు, తీస్తారు, టైమింగ్ కవర్ ఎనకాల ఒక్కటి పెట్టకపోయినా ప్రెషర్ నిలబడదు.

చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగుండి వేడెక్కితే పడిపోతందంటే అది ఎక్కువగా బేరింగ్ గ్యాపు. క్రాంకు 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించి స్టాండర్డ్ షెల్ వేశారేమో, షెల్ ఎనకాల నంబర్ చూడు, గ్యాపు కొలిచే ప్లాస్టిక్ దారం, ప్లాస్టీగేజ్, పెట్టి కొలువు. మన ఎండలకి చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోద్దంటారు కొందరు, దాంతో గేజ్‌లో ముల్లు కాస్త లేస్తదేమో గానీ గ్యాపు తగ్గదు కదా.

నీలం పొగ గురించి ఇప్పుడు కంగారు పడబాక, కొత్త రింగులు సర్దుకునేదాకా కొంచెం ఉంటది, తగ్గకపోతే వాల్వ్ సీల్స్ చూద్దాం.

ఆ ఫిల్టర్ పారెయ్యకుండా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఫోటో పెట్టు. రాగి రంగు పొడి కనపడితే బేరింగ్ పైపొర పోయినట్టే, అప్పుడు పంపు జోలికి పోకుండా క్రాంకే దించుదాం.