ఛాంపియన్ అయిన ఐదో రోజునే రేసింగ్ మానేశాడంటే రోస్‌బర్గ్ పిరికివాడనేనా?

భీమవరం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "2016లో నికో రోస్‌బర్గ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, వారం తిరక్కుండానే ఫార్ములా వన్ వదిలేశాడు. మళ్లీ తన జట్టులోనే ఉన్న హామిల్టన్‌తో తలపడితే ఓడిపోతానన్న భయమే కదా?"

కాదండి. ఆ సీజన్ పాయింట్లు ముందేసుకుని కూర్చుంటే ఈ భయం మాట ఎక్కడా అతకదు. నవంబరు 27న అబుదాబిలో టైటిల్ ఖాయమైంది, డిసెంబరు 2న వియన్నాలో రిటైర్మెంట్ చెప్పేశాడు. చేతిలో 2018 దాకా కాంట్రాక్టు ఉంది. అది కూడా ఆ ఏడాది జులైలోనే మెర్సిడెస్‌తో కొత్తగా రాసుకున్నది. రేసులోని బండ్లన్నిటికంటే వేగమైనది అదే, జీతం ఖాయం, సీటు ఖాయం. భయపడ్డవాడు ఆ సీటు పట్టుకుని వేలాడతాడు, ఇంకో రెండేళ్లు రెండో స్థానంలో వచ్చి డబ్బు లెక్కపెట్టుకుంటాడు. ఇతను మానేశాడంటే కారణం వేరే. ఆ టైటిల్ గెలవడానికి అతను చేసిన పని రెండోసారి చేయగలిగింది కాదు. అదేం పనో తెలియాలంటే జపాన్‌లోని సుజుకా రేసు ఒక్కటి సరిగ్గా చూస్తే చాలు.

ఆ రోజుల్లో నిబంధన ప్రకారం బండి, డ్రైవరు కలిపి, పెట్రోలు కాకుండా, కనీసం 702 కిలోలు ఉండాలి. డ్రైవరు బరువు బండి బరువులోనే కలిసిపోతుంది. అంటే డ్రైవరు ఒళ్లు ఒక కిలో తగ్గితే ఆ కిలో బండికి మిగులుతుంది. ఇంజినీర్లు దాన్ని అసలు మోయకుండా తప్పించుకోవచ్చు, లేదా ఆ బరువుకి సరిపడా లోహం ముక్కను బండి అడుగున తమకు కావలసిన చోట బిగించుకోవచ్చు. పది కిలోలు పెరిగితే ల్యాప్‌కి, అంటే ట్రాక్ మీద ఒక చుట్టుకి, సుమారు 0.3 సెకను పోతుందని రేసింగ్ వాళ్ల మోటు లెక్క. కిలోకి 0.03 అన్నమాట. రోస్‌బర్గ్ ఆ వేసవిలో సైకిల్ తొక్కడం ఆపేశాడు. తొడల్లో కండ కరిగించి దాదాపు కిలో బరువు దింపాడు. హెల్మెట్ మీద రంగు తీయించేసి ఇంకో 80 గ్రాములు మిగిల్చాడు. ఇవి అతనే తర్వాత చెప్పుకున్న సంగతులు. సుజుకాలో పోల్ పొజిషన్, అంటే రేసు మొదట్లో అందరికంటే ముందు నిలబడే చోటు, అతనికి 1 నిమిషం 30.647 సెకన్లతో వచ్చింది. హామిల్టన్ వెనకబడింది 0.013 సెకను. ఒక కిలో కండ విలువలో సగం కూడా లేదు ఆ తేడా.

మళ్లీ చదవండి ఆ అంకె. 5.8 కిలోమీటర్ల ట్రాక్ మీద 0.013 సెకను. మన వాళ్లు దీన్ని అదృష్టం అంటారు, నాకు ఒళ్లు మండుతుంది.

పోల్ వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు, స్టార్ట్ ఉంది. అసలు ఈ జవాబులో నేను చెప్పదలచుకున్నది దీని గురించే. 2016లో నిబంధన మారి స్టార్ట్ మొత్తం డ్రైవరు చేతికి వచ్చేసింది. అంతకుముందు స్టీరింగ్ వెనక రెండు క్లచ్ ప్యాడిల్స్, అంటే చేత్తో నొక్కే మీటలు, ఉండేవి. ఒకదాన్ని క్లచ్ పట్టే చోట ముందే నిలబెట్టుకుని, రెండోదాన్ని పూర్తిగా వదిలేస్తే బండి దానంతట అదే సరైన చోటికి వచ్చేది. 2016 నుంచి స్టార్ట్‌కి ఒక్క ప్యాడిలే వాడాలన్నారు. 2015 బెల్జియం రేసు నుంచే, క్లచ్ ఎక్కడ పెట్టుకోవాలో గ్రిడ్‌కి (స్టార్ట్‌లో బండ్లు వరసగా నిలబడే చోటికి) వెళ్లేటప్పుడు రేడియోలో చెప్పడం కూడా ఆపించేశారు. టైర్లు ఉన్నచోటే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ 2008లోనే పోయింది.

ఆ క్లచ్ కార్బన్ ప్లేట్లతో ఉంటుంది, వ్యాసం పది సెంటీమీటర్లకు అటూ ఇటూగా. అంత చిన్న దాని మీద తొమ్మిది వందల హార్స్ పవర్ పైచిలుకు పడుతుంది. కార్బన్‌తో వచ్చిన చిక్కేమిటంటే వేడిని బట్టి పట్టు మారిపోతుంది. రేసుకి ముందు తిరిగే ఫార్మేషన్ ల్యాప్‌లో కొంచెం ఎక్కువ వేడెక్కినా, గ్రిడ్ మీద అర నిమిషం ఎక్కువ నిలబడి చల్లారినా, పట్టే చోటు జరిగిపోతుంది. ఐదు ఎర్ర లైట్లు సెకనుకొకటి చొప్పున వెలుగుతాయి. అన్నీ ఎప్పుడు ఆరతాయో ఎవరికీ తెలియదు. ఆరగానే ప్యాడిల్‌ను పట్టే చోటు దాకా ఒక్క ఊపున వదలాలి, అక్కడ క్షణం ఆపాలి, టైరు రోడ్డును కరుచుకున్నాక మిగతాది నెమ్మదిగా వదలాలి. ఎక్కువ వదిలితే వెనక టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. తక్కువ వదిలితే ఇంజిన్ బరువెక్కి నీలుగుతుంది, ఆగిపోకుండా యాంటీ స్టాల్ పట్టుకుంటుంది, ఈలోపు ఐదారుగురు దాటిపోతారు.

చేలోంచి 75 కిలోల బస్తాలు నలభై వేసుకుని ఏటిగట్టు ర్యాంపు ఎక్కించే ట్రాక్టరు డ్రైవర్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. క్లచ్ ఒక్కసారి వదిలేస్తే ముందు చక్రాలు లేస్తాయి. మరీ నానిస్తే ప్లేటు కాలి వాసనొస్తుంది. కాకపోతే గట్టు మీద తప్పు జరిగితే రెండోసారి ప్రయత్నించవచ్చు, గ్రిడ్ మీద రెండోసారి లేదు.

2016లో ఈ ప్యాడిల్ ఇద్దరినీ ఏడిపించింది. హామిల్టన్ ఇటలీలో పోల్ నుంచి ఆరో స్థానానికి జారాడు. రోస్‌బర్గ్ జర్మనీలో పోల్ నుంచి మొదటి మలుపుకే నాలుగో స్థానంలో ఉన్నాడు. సుజుకాలో హామిల్టన్ నిలబడ్డ వైపు కాస్త తడిగా ఉంది, టైర్లు తిరిగాయి, రెండో స్థానం నుంచి ఎనిమిదికి పడ్డాడు. లేచి లేచి మూడో స్థానం దాకా వచ్చాడు. రోస్‌బర్గ్ శుభ్రంగా బయల్దేరి గెలిచాడు.

అప్పటికి రోస్‌బర్గ్ పాయింట్లు 313, హామిల్టన్‌వి 280. తేడా 33. మిగిలినవి నాలుగు రేసులు. గెలిచినవాడికి 25, రెండోవాడికి 18. హామిల్టన్ నాలుగూ గెలిచినా ఒక్కో రేసులో కోలుకునేది ఏడే, మొత్తం 28. ఇంకా ఐదు మిగులుతాయి. అంటే రోస్‌బర్గ్ నాలుగుసార్లు రెండో స్థానంలో వస్తే చాలు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ మహా అయితే ఒక్కసారి మూడో స్థానం, అంతకంటే తగ్గకూడదు, ఒక్క పంక్చరు పడకూడదు, ఒక్క గుద్దుడు ఉండకూడదు. హామిల్టన్ నిజంగానే అమెరికా, మెక్సికో, బ్రెజిల్, అబుదాబి నాలుగూ గెలిచాడు. రోస్‌బర్గ్ నాలుగింట్లోనూ రెండో స్థానం. వాన కొట్టిన బ్రెజిల్‌లో బండి అడ్డంగా తిరగబోయి, ఎలాగో నిలబడింది. చివరి లెక్క రోస్‌బర్గ్ 385, హామిల్టన్ 380.

సుజుకా తర్వాత టైటిల్ తన చేతిలోకి వచ్చిందని తెలిసిన రోజు నుంచే ఒత్తిడి పెరిగిందని, గెలిస్తే మానేద్దామన్న ఆలోచన అప్పుడే మొదలైందని రోస్‌బర్గ్ తన ప్రకటనలోనే చెప్పాడు. ఓడిపోతానని కాదు, గెలిస్తే మానేద్దామని. ప్రశ్న అడిగినవారు ఈ తేడా గమనించాలి.

ఇక అబుదాబి. హామిల్టన్ ముందు, 12 పాయింట్ల ఆధిక్యంతో రోస్‌బర్గ్ వెనక. హామిల్టన్ గెలిస్తే రోస్‌బర్గ్ మూడో స్థానంలోనైనా ఉండాలి, నాలుగైతే 379, ఒక్క పాయింటుతో టైటిల్ పోతుంది. హామిల్టన్ ఏం చేశాడంటే, కావాలనే నెమ్మదిగా తోలాడు. జట్టు వేగం పెంచమన్నా పెంచలేదు. వెనకవాళ్లందరూ రోస్‌బర్గ్ మీదకు ఎగబడాలని. నేను హామిల్టన్‌ను తప్పుపట్టను, అతను అప్పుడు చేయగలిగింది అదొక్కటే. 20వ ల్యాప్‌లో రెడ్‌బుల్ డ్రైవరు వెర్‌స్టాపెన్ అడ్డం వచ్చాడు. మొదటి ల్యాప్‌లో బండి తిరిగి వెనకబడ్డ వెర్‌స్టాపెన్ టైర్ల కోసం ఒక్కసారే ఆగే ఎత్తుతో ముందుకొచ్చాడు. దాటడం తప్పనిసరి అని జట్టు రేడియోలో చెప్పింది. ఆ వెర్‌స్టాపెన్‌తో చక్రం చక్రం తగిలినా టైటిల్ పోయినట్టే. ఆ సమయంలో పక్కకు వెళ్లి దాటినవాణ్ణి మీరు పిరికివాడంటున్నారు. చివర్లో ఫెరారీ డ్రైవరు వెట్టెల్ కొత్త టైర్లతో ముక్కు దూర్చాడు. ముగింపులో హామిల్టన్‌కీ రోస్‌బర్గ్‌కీ తేడా 0.439 సెకను, వెట్టెల్ రోస్‌బర్గ్ వెనకాలే.

"మలేసియాలో హామిల్టన్ ఇంజిన్ కాలకపోతే?" అని కొందరు కామెంట్లలో తప్పకుండా అంటారు. కాలింది, నిజమే, ముందంజలో ఉండగా 41వ ల్యాప్‌లో. అదే రేసులో మొదటి మలుపులోనే వెట్టెల్ వచ్చి రోస్‌బర్గ్‌ను గుద్దితే గింగిరాలు తిరిగి అందరికంటే వెనక పడ్డాడు, అక్కణ్నుంచి మూడో స్థానానికి వచ్చాడు. దాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

పైన ఉండగా మానేసినవాళ్లు ఇతనొక్కడే కాదు. 1958 ఛాంపియన్ మైక్ హాథార్న్ ఆ సీజన్ అవగానే మానేశాడు. 1973లో జాకీ స్టివార్ట్ మూడో టైటిల్ తర్వాత ఆపేశాడు, జట్టు సహచరుడు సెవెర్ వాట్కిన్స్ గ్లెన్‌లో చనిపోతే తన వందో రేసు కూడా తోలలేదు. ప్రోస్ట్ 1993 టైటిల్‌తోనే దిగిపోయాడు. మానేసి మళ్లీ వచ్చినవాళ్లలో నికి లౌడా 1984లో అర పాయింటు తేడాతో గెలిచాడు, అది అరుదు. షూమాకర్ 2010లో తిరిగొచ్చి మూడేళ్లలో ఒక్కసారే పోడియం ఎక్కాడు, అంటే మొదటి ముగ్గురిలో నిలిచాడు. తిరిగి వచ్చి తన పేరు పలచన చేసుకోకపోవడం కూడా రోస్‌బర్గ్ చేసిన మంచి పనే అంటాను.

ఈ ధైర్యం, పిరికితనం గోల మనవైపు ఎక్కువ. కాలవగట్ల మీద సాయంత్రం పూట బైకులు పడుకోబెట్టి తోలే కుర్రాళ్లను చూసి "ఎంత గుండె ధైర్యం" అనే పెద్దలున్నారు. మలుపు అవతల కొబ్బరి లోడుతో ఆటో వస్తుందో లేదో తెలియకుండా తోలడానికి గుండె అక్కర్లేదు, బుర్ర లేకపోతే సరిపోతుంది. తోలాలని నిజంగా ఉన్నవాళ్లకు మన దగ్గర చోటు లేదు, అది వేరే బాధ. నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 దాకా మూడు ఫార్ములా వన్ రేసులు జరిగి ఆగిపోయాయి, మూడూ వెట్టెలే గెలిచాడు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు బండ్ల రేసు ఫార్ములా ఈ జరిగింది, మరుసటి ఏడాది రద్దయింది. అమలాపురం కుర్రాడు ట్రాక్ ఎక్కాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో పోవాలి.

సుజుకా 2016 స్టార్ట్ వీడియో చూసేటప్పుడు బండి ముక్కు చూడకండి, వెనక టైర్లు చూడండి. మొదటి రెండు సెకన్లలో హామిల్టన్ టైర్లు ఎలా తిరుగుతున్నాయో, పక్కనే రోస్‌బర్గ్‌వి ఎలా కరుచుకున్నాయో కనిపిస్తుంది. అబుదాబి రేసు మొత్తం చూసే ఓపిక లేకపోతే 20వ ల్యాప్, చివరి ఐదు ల్యాపులు చూడండి. హామిల్టన్ ఎక్కడ వేగం తగ్గిస్తున్నాడో, వెట్టెల్ దగ్గరకొచ్చే కొద్దీ రోస్‌బర్గ్ ఏ మలుపులో లోపలి గీత మూసేస్తున్నాడో పట్టుకోవాలంటే రెండోసారి బండి మీదున్న ఆన్‌బోర్డ్ కెమెరాలో చూడాలి.