కారు ఏసీ చల్లగానే ఉంది, గాలే సరిగా రావట్లేదంటే

గ్యాస్ నింపించకండి. కారు ఏసీ గురించి అడుగుతూ, ఫ్యాన్ స్పీడ్ 4లో పెట్టినా గాలి సన్నగానే వస్తోంది, వచ్చిన కాస్తా చల్లగానే ఉంది అన్నారు కదా. అంటే అడ్డు గాలి దారిలో ఉంది. ముందు క్యాబిన్ ఫిల్టర్ మీదే, అంటే కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే ఫిల్టర్ మీదే అనుమానం.

1. ఫ్యాన్ ఆపి, గ్లవ్‌బాక్స్ ఖాళీ చేయండి. చాలా కార్లలో దాని రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనక చిన్న ప్లాస్టిక్ మూత, అందులో ఫిల్టర్.

2. పాతది తీయగానే కొత్తది తోసేయకండి. అందరూ వదిలేసేది ఇదే. ఫిల్టర్ లేకుండానే ఫ్యాన్ 4లో ఒక్క నిమిషం నడిపి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూడండి. జోరు పెరిగితే కొత్త ఫిల్టర్‌తో పని అయిపోయినట్టే. పెరగకపోతే ఫిల్టర్ కొనడం దండగ, బ్లోయర్‌నో (గాలి తోసే ఫ్యాన్) లోపలి కూలింగ్ కాయిల్‌నో (గాలిని చల్లబరిచేది) మెకానిక్‌కి చూపించాలి.

3. కొత్తదాని అంచున బాణం గుర్తు ఉంటుంది, అది గాలి వెళ్లే వైపు ఉండాలి. పేపర్ ఫిల్టర్‌ని నీళ్లతో కడగొద్దు.

బండి మామిడి చెట్టు కింద పెడుతున్నానన్నారు. ముందు అద్దం కింద వైపర్ల దగ్గరున్న జాలీలో ఆకులూ పూతా తీసేయండి. లేకపోతే కొత్త ఫిల్టరూ త్వరగానే నిండిపోతుంది.

ఒకవేళ దూర ప్రయాణంలో, అంటే చిత్తూరులో బయల్దేరినప్పుడు బాగుండి, తిరుపతి చేరేసరికి గాలి తగ్గిపోతుంటే సంగతి వేరు. ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ మాత్రం పావుగంట తిరగనివ్వండి. గాలి మళ్లీ వస్తే కాయిల్ మీద ఐస్ కడుతోందన్నమాట. అది ఏసీ మెకానిక్ పని.