శ్రీకాకుళంలో స్కిన్ క్లినిక్ పెట్టబోయే మేనకోడలికి

చి. అమ్మడికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డీవీఎల్ (చర్మ, సుఖవ్యాధులు, కుష్ఠు) ఎండీ చేతికొచ్చింది, పాలకొండ రోడ్డులో గది చూశావు, వెంట్రుకలు తీసే లేజర్ కంపెనీవాళ్లు కొటేషన్ కూడా పంపేశారు. ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టకు. కనీసం ఆరు నెలలు ఆగు.

మెషీన్ ఉంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారని చెప్తారు. మన ఊళ్లో వరస వేరు. తామరకో, మొటిమలకో, జుట్టు రాలడానికో నీ దగ్గరికొచ్చి నయమైన అమ్మాయే ఏడాది తిరిగేసరికి గడ్డం మీద వెంట్రుకల సంగతి మెల్లగా ఎత్తుతుంది. లెక్క కూడా వేసి చూడు. 20 లక్షల మెషీన్‌కి 11 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పు తీసుకుంటే నెలకి దాదాపు 43,500 కిస్తీ. మెయింటెనెన్సు కాంట్రాక్టుకి నెలకి పదివేలు, పనమ్మాయి జీతం పదిహేను వేలు, కరెంటూ జెల్లూ కలిపి ఐదు వేలు అనుకో. 73,500 అయింది. సిట్టింగుకి సగటున 2,000 వస్తే, నెలకి 37 సిట్టింగులు నిండాకే నీకంటూ ఒక రూపాయి మిగిలేది. ఆ 37 నిండని నెలలో, చెయ్యకూడని మొహానికి కూడా లేజర్ చేసేద్దామని చెయ్యి లాగుతుంది. నా భయమంతా అక్కడే.

మొదటికి వుడ్స్ ల్యాంప్ (మచ్చలు చూసే అతినీల లైటు), డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే భూతద్దం), ఆర్ఎఫ్ కాటరీ (కరెంటుతో కాల్చి తీసే పరికరం), పరికరాలు శుద్ధిచేసే ఆటోక్లేవ్, మంచి లైటు, మూడు నాలుగు రకాల పీల్స్ (చర్మం పై పొర ఊడదీసే యాసిడ్లు), ఫ్రిజ్, ఎమర్జెన్సీ ట్రే చాలు. పులిపిర్లు, మెడ చుట్టూ వేలాడే చిన్న కాయలు తీయడానికే కాటరీకి తీరిక ఉండదు. పేస్‌మేకర్ ఉందేమో అడక్కుండా మాత్రం కాటరీ పట్టకు. మత్తు ఇంజెక్షన్ లెక్క ఎప్పుడూ బరువు మీదే: అడ్రినలిన్ కలపని లిగ్నోకెయిన్ కిలోకి 4.5 మిల్లీగ్రాములకి మించకూడదు. 50 కిలోల మనిషికి 2 శాతం మందు 11 మిల్లీలీటర్ల దగ్గర ఆగిపోవాలి. పూత మత్తు కూడా మందే. రెండు కాళ్లకీ ఒకేసారి దట్టంగా పట్టించి ప్లాస్టిక్ చుట్టి కూర్చోబెడితే అది రక్తంలోకి ఎక్కి ఫిట్సూ వస్తాయి, గుండె లయా తప్పుతుంది. ఆ క్రీము రాసే పని స్టాఫుకి వదిలినా, ఎంత రాయాలో, ఎంతసేపు ఉంచాలో నువ్వే చీటీ మీద రాసివ్వు.

ఇక అసలు సంగతి. నీ గదిలోకి రోజూ వచ్చే మొహం ఇలా ఉంటుంది: బుగ్గలు ఎర్రగా, పల్చగా, లోపలి రక్తనాళాలు సన్నటి దారాల్లా కనబడుతూ, అన్నీ ఒకే వయసున్న చిన్న మొటిమలు, చెంపల మీద నూగు. పొయ్యి దగ్గరికెళ్తే మంట, ఎండలోకెళ్తే మంట. ‘కిరీము మానేస్తే మొకం మండిపోతంది డాట్రమ్మా’ అంటుంది. ఆ క్రీములో ఉండేది హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ 0.1 శాతం. మందుల షాపులో తెల్లబడ్డానికని ఇస్తే నెలల తరబడి, ఏళ్ల తరబడి రాసుకుంటారు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా కౌంటరు మీద అమ్మకం ఆగలేదు. తామర మీద క్లోబెటాసాల్ అనే ఘాటు స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసుకుని, మచ్చ అంచు చెదిరి, ఒళ్లంతా పాకించుకుని వచ్చేవాళ్ల కథా ఇదే.

ఈ మొహానికి పీల్ చేస్తే కాలుతుంది, లేజర్ వేస్తే నల్లబడుతుంది. మొదటి రోజే ట్యూబులన్నీ సంచీలో వేసి తెమ్మను, బల్ల మీద పరిపించు. వాడకం ఎక్కువ కాలం, ఎక్కువ ఘాటు అయితే ఒక్కసారిగా ఆపకు. తేలికపాటి స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్ 1 శాతానికి దించి, రోజు విడిచి రోజుకి తెచ్చి, రెండు మూడు వారాల్లో మాన్పించు. పక్కనే స్టెరాయిడ్ కాని పూతమందు టాక్రోలిమస్ 0.03 శాతం మొదలుపెట్టు. మొటిమలు ఎక్కువుంటే డాక్సీసైక్లిన్ (గర్భం లేదని తెలుసుకున్నాకే), వాసన లేని మాయిశ్చరైజరు, జింకు ఉన్న సన్‌స్క్రీను. మానేశాక కొద్ది రోజుల్లోనే మొహం రెట్టింపు ఎర్రబడుతుందని ముందే చెప్పి, ఆ రోజుల్లో ఫోన్ చెయ్యమని నంబరు చీటీ మీద రాసివ్వు. ఈ ఒక్క మాట చెప్పకపోతే, నీ మందు పడలేదనుకుని మళ్లీ ఆ ట్యూబు దగ్గరికే పోతుంది. రెండు మూడు నెలల దాకా ఆ మొహం మీద వేరే ఏ పనీ పెట్టుకోకు.

మంగు మచ్చలకి లేజర్ టోనింగ్ (తక్కువ శక్తి లేజర్‌తో మచ్చని పల్చబరచడం) అని అడుగుతారు. మన రంగు చర్మానికి అది వారం వారం చేస్తూ పోతే నల్ల మచ్చ మధ్యలో చినుకుల్లాంటి తెల్ల చుక్కలు పడతాయి, అవి సులువుగా పోవు. ముందు సన్‌స్క్రీను సరిగా రాయించు. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత, మూడు గంటలకోసారి మళ్లీ. రంగు కలిసిన ఐరన్ ఆక్సైడ్ రకమైతే కంటికి కనబడే వెలుతుర్ని కూడా ఆపుతుంది, మంగుకి అది ముఖ్యం. ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్ర 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు పనిచేస్తుంది. అయితే రాసే ముందు కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, గర్భనిరోధక మాత్రలు అడుగు. పలాస, సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి, అంటే కిడ్నీ జబ్బుల ఉద్దానం నుంచి వచ్చినవాళ్లయితే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా కలం కదపకు. ఆ మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. ఉద్దానం మనిషికి నొప్పి మాత్ర రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త. తయారీదారు పేరు లేని తెల్లబడే క్రీముల్లో పాదరసం ఉండచ్చు, అది కిడ్నీ వడపోతనే దెబ్బతీస్తుంది. మూత్రం నురగ, పాదాల వాపు అన్నారంటే క్రీము డబ్బా అడుగు, మూత్రంలో అల్బుమిన్ స్ట్రిప్పు పెట్టు.

పలాస నుంచే ఇంకో రకం వస్తారు. జీడిపిక్కలు కొట్టే చేతులు. తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చి నల్లటి పెచ్చు కట్టిస్తుంది, ఆ చేత్తో చెంప ముట్టుకుంటే అక్కడా మచ్చే. దాన్ని మంగు అనుకుని పీల్ చేస్తే పుండవుతుంది. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే ఆ తప్పు జరగదు. అలాగే తెల్లమచ్చ తెచ్చి అందం కోసం చూపించినప్పుడు దూదితో స్పర్శ చూడు, మోచేతి దగ్గర నరం తడిమి చూడు. స్పర్శ తగ్గితే కుష్ఠు అనుమానం, అది నీ క్లినిక్ పని కాదు. దానికి వాడే ఎండీటీ మందులు సర్కారు ఆస్పత్రిలో ఉచితం, వెంటనే పంపు.

పీల్స్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, మొదటి ఏడాది నీ చేతిలో ఎక్కువ ఆడేది ఇవే గనక. రెండు వారాల ముందు నుంచి చర్మాన్ని సిద్ధం చెయ్యి. ట్రెటినాయిన్ వారం ముందే మాన్పించు. వారంలోపు త్రెడ్డింగ్, వాక్సింగ్ చేయించుకుంటే పీల్ వాయిదా. కళ్ల మూలలు, ముక్కు పక్కలు, పెదవుల మూలలకి వాజలీన్ రాయి. కళ్లు కడగడానికి సెలైన్ సీసా మూత తీసి పక్కన పెట్టుకో. గ్లైకాలిక్ 30 లేదా 35 శాతంతో మొదలెట్టు, నుదురు నుంచి బుగ్గలకి, చివర కళ్ల చుట్టూ. మొదటిసారి నిమిషం, రెండు నిమిషాలు చాలు. గడియారం చూస్తూనే చర్మాన్నీ చూడు. ఎర్రబడితే సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో ఆపెయ్యి, నిమిషం నిండనక్కర్లేదు. ఎక్కడైనా తెల్లబడితే అక్కడ లోతుకి దిగిందని. సాలిసిలిక్ 20 శాతానికి ఆ తెలుపు వేరు: అది పైన పొడిగా పేరుకున్న యాసిడ్ మాత్రమే, తుడిస్తే పోతుంది. ఈ రెండు తెలుపుల తేడా నీ అసిస్టెంటుకి కళ్లారా చూపించు. టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్) పీల్‌ని ఏదీ ఆపలేదు, కాబట్టి చెయ్యి బాగా కుదిరాకే 10 శాతంతో ఆరంభం. గర్భిణికీ, ఆస్పిరిన్ పడనివాళ్లకీ సాలిసిలిక్ వద్దు. సిట్టింగుల మధ్య రెండు మూడు వారాలు.

మాఘం, ఫాల్గుణం రాకముందే పెళ్లికూతుళ్లు వరస కడతారు, అదీ ముహూర్తానికి పది రోజుల ముందు. మూడు నెలల గడువు అడుగు. లేనివాళ్లకి మాయిశ్చరైజరు, సన్‌స్క్రీను ఇచ్చి పంపు, ఫీజు తగ్గినా పర్లేదు. పెళ్లికి మూడు వారాల్లోపు పీల్ పెట్టుకోకు. కారణం నలుగు. పొరలు ఊడుతున్న మొహానికి పసుపూ సున్నిపిండీ పెట్టి అరడజను మంది ముత్తైదువలు రుద్దితే, తలంబ్రాల వేళకి నల్ల చారలు తేలతాయి. నిందా నీకే. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్ర వాడుతున్న అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిస్తే ఆ రోజే ఆగి మాట్లాడు: మందు మానేశాక ఇంకో నెల దాకా గర్భం రాకూడదు, బిడ్డకి తీవ్రమైన లోపాలొస్తాయి. ఈ మాట తల్లి ఎదురుగా కాదు, అమ్మాయిని ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పు.

రేపు లేజర్ కొన్నప్పుడు మన చర్మానికి లాంగ్ పల్స్ ఎన్‌డీ యాగ్ 1064 నానోమీటర్ల రకం భద్రం. డయోడ్ అయితే పల్స్ పొడుగు, శక్తి తక్కువ. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ రకం జోలికి పోకు. దవడ కింద ఒక నాణెం అంత చోట పరీక్షకి వేసి చూశాకే మొహం. వెంట్రుక కుదురు చుట్టూ కొద్ది నిమిషాల్లో చిన్న పొంగు రావాలి, అదీ హద్దు. చర్మం బూడిద రంగుకి తిరిగితే అక్కడితో ఆపి చల్లబరచు. నాలుగు వారాల్లోపు త్రెడ్డింగ్ చేయించుకుని ఉంటే వేరులో వెంట్రుకే ఉండదు, లేజర్ దేన్ని పట్టుకుంటుంది? షేవింగ్ మాత్రమే. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు పడతాయని, తగ్గుతాయే గాని శాశ్వతంగా పోవని కాగితం మీద రాసి సంతకం తీసుకో. నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాల, హార్మోన్ల సమస్య) పరీక్షలు ముందు. కొందరికి దవడ పక్కన ఉన్న నూగే లావెక్కుతుంది, ఆ ముక్క కూడా ముందే చెప్పాలి.

ముడతలు తగ్గించే బొటాక్స్ సూది నేర్చుకో. 100 యూనిట్ల వయల్‌లో 2.5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 0.1 మిల్లీలీటరుకి 4 యూనిట్లు. పూర్తి ఫలితం 14వ రోజున గాని తెలీదు, అప్పటిదాకా రెండో సూది వద్దు. ఫిల్లర్లు (చర్మం కింద నింపే జెల్ సూదులు) మాత్రం ముక్కుకీ, కనుబొమల మధ్యకీ మన ఊళ్లో పెట్టకు. నాళం మూసుకుని కన్ను పోతే రెటీనా గంట, గంటన్నరకి మించి ఆగదు. విశాఖ నూరు కిలోమీటర్ల పైమాట. మిగతా చోట్ల పెట్టినా ఫిల్లర్‌ని కరిగించే హయలురోనిడేజ్ 1500 యూనిట్ల వయల్స్ ఐదారు ఫ్రిజ్‌లో ఉన్నాయని చూసుకున్నాకే సిరంజి మూత తియ్యి. చర్మం పాలిపోవడం, వలలా నీలి గీతలు, లెక్కకి మించిన నొప్పి, ఈ మూడింటిలో ఏది కనబడినా ఫిల్లర్ ఆపి హయలురోనిడేజ్ మొదలెట్టు, రేపు చూద్దామనకు.

ఆదివారం టీముతో వస్తాం, గది అద్దెకివ్వండి, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మేం చేసుకుంటాం అని అడుగుతారు. వద్దు. శస్త్రచికిత్సలో శిక్షణ ఉన్న రిజిస్టర్డ్ డాక్టరే చెయ్యాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది, వర్క్‌షాపులో చూసి నేర్చుకుంటే చాలదనీ చెప్పింది. కత్తి ఎవరు పట్టినా బోర్డు మీద పేరు నీది.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఎండీని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా ఎక్కించుకో. ప్రైవేటు వైద్య సంస్థల 2002 చట్టం కింద డీఎంహెచ్‌ఓ దగ్గర క్లినిక్ రిజిస్ట్రేషన్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం. పసుపు సంచీ 48 గంటలకి మించి ఉండకూడదు. రోగానికి చేసే వైద్యానికి జీఎస్టీ లేదు గాని అందం కోసం చేసే సర్జరీకి ఉంది. మొత్తం రాబడి 20 లక్షలు దాటిందో లేదో చూసేటప్పుడు పన్ను లేని కన్సల్టేషన్లు కూడా కలుస్తాయి, కాబట్టి మొదటి రోజు నుంచే రెండు బిల్లు పుస్తకాలు వేరుగా పెట్టి ఆడిటర్‌కి చూపించు. క్లినిక్ తెరిచినప్పుడు, చిరునామా మారినప్పుడు పత్రికలో ప్రకటన ఇవ్వచ్చు, అంతకుమించి గొప్పలు చెప్పుకుంటే నియమాలు ఒప్పుకోవు. పేషెంటు పంపినందుకు బ్యూటీ పార్లర్‌కి గాని, ఆర్ఎంపీకి గాని కమీషన్ ఇవ్వకు. ఆరు సిట్టింగుల డబ్బు ఒకేసారి తీసుకోకు, మధ్యలో ఆపాల్సొస్తే గొడవ అక్కడే మొదలవుతుంది.

ఫొటోలు ప్రతిసారీ అదే గోడ, అదే లైటు, అదే దూరం. వైద్యానికి ఒక సంతకం, ఫొటోకి ఇంకో సంతకం. స్టాఫు ఫోన్లలో ఒక్క ఫొటో కూడా ఉండకూడదు. ఊరు చిన్నది, పెళ్లి సంబంధాలు చెడిపోతాయి.

ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టి పొద్దునా సాయంత్రం రిజిస్టరులో రాయించు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస వైపు రోజుల తరబడి కరెంటు లేదు. తుఫాను హెచ్చరిక రాగానే ఐస్ ప్యాకులు, వ్యాక్సిన్ బాక్సు సిద్ధంగా ఉండాలి. వేడెక్కిన వయల్ పారెయ్యడమే.

గది ప్లాను వాట్సాప్‌లో పంపు. లేజర్ గది తలుపు వెయిటింగ్ హాల్లోకి తెరుచుకుంటే మార్పించాలి. కిటికీ రోడ్డువైపు ఉంటే దాన్ని పూర్తిగా మూసేలా పలక, లోపల అద్దాలు లేని గోడలు కావాలి. మేస్త్రీ ప్లాస్టరింగ్‌కి దిగకముందే ఇవి తేల్చుకుందాం.

మావయ్య