మీ ప్రశ్న – వైద్యుల జవాబు: మాల తీసిన వారానికే మళ్లీ మందు

ప్రశ్న: మా ఆయన వయసు 44. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో గుమాస్తాగా చేస్తారు. చాలా ఏళ్లుగా తాగుడు ఉంది. రెండేళ్లుగా అయితే పొద్దున లేవగానే కాస్త పడితే గానీ చేతుల వణుకు ఆగదు. నిరుడు కార్తికంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశారు. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయంటూ చేత్తో తుడవడం, ఎదురుగా లేని హమాలీలను పేరు పెట్టి పిలిచి బస్తాలు లెక్కపెట్టించడం మొదలుపెట్టారు. గాలి సోకిందేమోనని భయపడ్డాం. వీధిలోని ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి గ్లూకోజ్ ఎక్కించారు. నాలుగైదు రోజులకు తేరుకుని దీక్ష పూర్తి చేశారు. 41 రోజులూ చుక్క ముట్టలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన వారానికే మళ్లీ మొదలైంది. ఈ ఏడు కూడా మాల వేయిద్దామని మా అత్తగారు అంటున్నారు. తెలియకుండా కూరలో కలిపే మాత్రలు దొరుకుతాయని మా ఆడపడుచుగారి భర్త చెబుతున్నారు. ఇంటి ఆడది గట్టిగా ఉంటే మగవాడు ఇలా ఎందుకవుతాడని బంధువుల మాట. ఏం చేయమంటారు? – ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, కూరలో మాత్ర కలిపే ఆలోచనను ముందు మానుకోండి. తాగుడు మాన్పించే మాత్ర అని జనం చెప్పుకునేది చాలావరకు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే, మద్యం నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం విరిగిపోకుండా రక్తంలో పేరుకుంటుంది. ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండె జబ్బు ఉన్నవారికైతే ప్రాణం మీదికే రావచ్చు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. తెలిసి మాత్ర వేసుకున్న మనిషి ఈ బాధకు భయపడి గ్లాసు పట్టుకోడు, ఆ మందు పనిచేసే తీరే అది. తెలియని మనిషికి ఆ భయమే ఉండదు కనుక రోజూలాగే తాగుతాడు, అప్పుడు మందు వల్ల మిగిలేది ప్రమాదం ఒక్కటే. ఏదో ఒకనాడు సంగతి బయటపడితే మీరు వడ్డించిన అన్నాన్ని కూడా ఆయన అనుమానంగా చూస్తారు. పొట్లాలు కట్టి అమ్మే పొడుల జోలికి అసలే వెళ్లకండి.

ఇక ఆ మూడో రోజు రాత్రి సంగతి. మీరు రాసిన లక్షణాలను బట్టి అది గాలీ కాదు, ధూళీ కాదు; రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేసినప్పుడు వచ్చే డెలీరియం ట్రెమెన్స్ అనే అత్యవసర స్థితి. ఏళ్ల తరబడి మద్యం మత్తుకు అలవాటుపడిన మెదడు, ఆ మత్తును తట్టుకోవడానికి తనను తాను ఎప్పుడూ ఎక్కువ ఉద్రేకంలో ఉంచుకుంటుంది; మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ ఉద్రేకానికి అడ్డులేకుండా పోతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య ఇలా లేనివి కనబడడం, మతి తప్పడం జరుగుతాయి. వైద్యం అందకపోతే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఆ రోజు గండం గడిచింది గానీ, ఒకసారి ఇలా వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. గ్లూకోజ్ విషయం కూడా గుర్తుంచుకోండి. తాగేవారి ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది; అది ఇవ్వకుండా గ్లూకోజ్ మాత్రమే ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

కాబట్టి ఈసారి వరుస మార్చండి: ముందు ఆసుపత్రి, ఆ తర్వాత మాల. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇటువంటి వారిని చేర్చుకుని, డయాజిపామ్ వంటి మందులను మోతాదు తగ్గించుకుంటూ ఇచ్చి, థయమిన్ ఇంజెక్షన్లు చేసి, సుమారు వారం పది రోజుల్లో ఒంటిని మద్యం నుంచి క్షేమంగా బయటకు తెస్తారు. నిరుటి భ్రమల సంగతీ, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే అదీ అక్కడి డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఆయన రానంటే బలవంతంగా ఈడ్చుకుపోవద్దు; ముందు 14416కు ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్ సహాయ కేంద్రం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. రాత్రి తాగి ఉన్నప్పుడు కాక, పొద్దున వణుకుతో తానే బాధపడుతున్నప్పుడు, “ఈ వణుక్కి మందుందట, ఒకసారి చూపిద్దామండీ” అనండి. తాగుడు మానమని అడగడం కన్నా ఈ మాటకు ఆయన ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మీ అత్తగారి మాటను నేను కొట్టిపారేయను. ఆ 41 రోజులూ ఆయనను ఏది నిలబెట్టిందో గమనించారా? కన్నతల్లి మొదలు దుకాణం యజమాని దాకా అందరూ ఆయనను ‘స్వామీ’ అనే పిలిచారు. వెనక నుంచి తాగుబోతు అన్నవారు లేరు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పీఠంలో భజన, నలుగురితో కలిసి భిక్ష. మామూలుగా వైన్ షాపు వైపు కాళ్లు లాగే వేళకు ఆయనకు వెళ్లడానికి వేరే చోటు, కూర్చోవడానికి వేరే మనుషులు ఉన్నారు. నల్లబట్టల్లో ఉన్నవారికి గ్లాసు అందించే స్నేహితుడూ ఉండడు. మాల తీసిన పూటే ఆ గౌరవం, ఆ సావాసం, ఆ సాయంత్రం పని అన్నీ పోయాయి. మద్యం మీద యావ మాత్రం పోలేదు, ఎందుకంటే దానికి వైద్యమే జరగలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ యావను తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చూసి ఏది ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. నెలల తరబడి వాడవలసి ఉంటుంది. సాయంత్రాల సంగతి మాత్రం ఇంటివారూ ఊరివారూ చూడవలసిందే. మీ గురుస్వామికి విషయం చెప్పి, మాల లేని రోజుల్లోనూ భజనకు పిలవమని అడగండి. తాగుడు మానాలనుకునేవారు కలుసుకుని ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు అమెరికాలో 1935లో మొదలయ్యాయి, మన వైపూ ఉన్నాయి. మానాలన్న కోరిక ఉంటే చాలు, రుసుము లేదు, ఇంటిపేరు కూడా అడగరు.

బంధువుల మాట గురించి: మీ గట్టితనానికీ ఆయన తాగుడుకూ సంబంధం లేదు. 2019లో కేంద్రం ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స పొందారు. మిగతా ఇళ్లలో ఎక్కువగా దొరికేది ఇటువంటి నిందే అని నాకు అనిపిస్తుంది. ఆయన కొట్టినా, ఇంట్లో పిల్లలకు భయమైనా అది వేరే సంగతి. జబ్బు మనిషి కదా అని ఓర్చుకోకుండా 181 మహిళా సహాయ కేంద్రానికి చెప్పండి.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో నాకు లేత్ వర్క్‌షాపు ఉంది. నా దగ్గర ఏళ్లుగా చేస్తున్న టర్నర్ తాగుడు మానడానికి చికిత్స చేయించుకుని నెల క్రితం తిరిగి వచ్చాడు. మిషను మీద పెట్టడానికి భయంగా ఉంది. కుర్రాళ్లు “ఏం బాబాయ్, సన్యాసమా” అని ఆటపట్టిస్తున్నారు. జీతం అతని భార్య చేతికి ఇవ్వనా? – ఒక యజమాని

జవాబు: పని ఇవ్వండి. మానినవారు నిలబడడానికి చేతిలో పని ఉండడం ఎంత అవసరమో మందులూ అంతే. అయితే మొదటి వారాల్లో కొన్ని మాత్రలు మగతగా ఉంచుతాయి కనుక, లేత్ మీద నిలబడవచ్చని డాక్టరు చెప్పేదాకా కొలతలు, ఫిట్టింగు చూసుకోమనండి. ఆ సంగతి అందరి ముందూ కాక అతనికి ఒక్కడికే చెప్పండి.

జీతం అతనిది, అతన్ని అడగకుండా భార్యకు ఇస్తే షెడ్డులో అతని పరువు తీసినట్టవుతుంది. “శనివారం చేతిలో డబ్బుంటే ఇబ్బందిగా ఉందా, బ్యాంకులో వేయమంటావా?” అని అడగండి, ఈ ఏర్పాటును తాగుడు మానినవారిలో కొందరు తామే కోరుకుంటారు. కుర్రాళ్ల వేళాకోళం మాత్రం మీరే ఆపించాలి. ఆయుధపూజ రాత్రి షెడ్డులో సీసాలు తెరిచే ఆనవాయితీ మీ దగ్గర ఉంటే, ఈ ఏడు పూజ, భోజనాలతో సరిపెట్టండి.

ఎప్పుడైనా మళ్లీ తాగి కనబడితే ఆ పూట మిషను దగ్గరికి రానివ్వకండి, ఇంటికి ఒంటరిగా కూడా పంపకండి. పని పోయినట్టేనన్న మాట తొందరపడి అనవద్దు. ఈ జబ్బులో మళ్లీ తాగడం తరచుగా జరిగేదే, ఎంత త్వరగా డాక్టరు దగ్గరికి తిరిగి వెళితే అంత తేలికగా తేరుకుంటారు. మర్నాడు పొద్దున సెలవిచ్చి, వీలైతే మీరే వెంట వెళ్లండి.