కల్లూరు నుంచి సీ క్యాంపుకు: సైకిలా, బస్సా?

అక్కా, మన కర్నూలులో కల్లూరు నుంచి సీ క్యాంపులోని ఆఫీసుకు 6 కిలోమీటర్లని, షేర్ ఆటోలతో విసిగిపోయి సైకిల్ కొనాలా, బస్సే నమ్ముకోవాలా అని అడిగినారు. సైకిల్ కొనండి. ఎండాకాలం మాత్రం దాని మీద ఆధారపడద్దు.

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా తొక్కినా 25 నిమిషాల్లో చేరుతారు. ఆటో నిండేదాకా కూర్చునే బాధ లేదు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, సాయంత్రం 5 గంటలకు కూడా తారు రోడ్డు సెగ కక్కుతానే ఉంటుంది. అప్పుడు బస్సెక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు.

సైకిల్‌కు గేర్లు అక్కర్లేదు. సన్న టైర్లది మాత్రం వద్దు, మన దోవల్లో తుమ్మముళ్లకు ఆగదు. చైన్‌కు పూర్తి కవర్ ఉండాల, లేకుంటే చున్నీ, చీర కొంగు చిక్కుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం సీటు ఎత్తు. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాల. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు పట్టేస్తాయి. అట్లా నొప్పులొచ్చే శానామంది సైకిల్‌ను మూలకేస్తారు, నాకు బాధ అనిపించేది అదే.

హంద్రీ బ్రిడ్జి మీద మరీ అంచుకు పోవద్దు, అటూ ఇటూ ఊగకుండా ఎడమ పక్కన ఒకే గీతలో తొక్కండి. వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కొనే ముందు ఎవరిదైనా సైకిల్ అడిగి, ఆదివారం పొద్దున్నే ఒకసారి దోవంతా తొక్కి చూడండి.