మూట విప్పడం వేరు, నూనె నుంచి కాయ తీయడం వేరు

అనంతపురం

చిరంజీవి తమ్ముడికి,

ప్రొద్దుటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆట ఫైళ్లను టెర్మినల్లో విప్పడం గురించి తెలుగులో రాయాలని పూనుకోవడమే నాకు పెద్ద సంతోషం. కమాండ్లు సరిగ్గానే ఉన్నాయి. అవి పనిచేశాయో లేదో చదివేవాడికి ఎట్లా తెలుస్తుందన్నదే ఎక్కడా లేదు.

ముందు మాటలు సరిచూసుకో. అన్‌ప్యాక్, డీకంపైల్ రెండింటినీ ఒకే అర్థంలో వాడావు. చెనక్కాయల మూట విప్పితే కాయలు కాయలుగానే బయటికొస్తాయి. అది అన్‌ప్యాక్. గానుగాడిన నూనెను చూసి ఏ గింజదో చెప్పగలం గానీ కాయను తిరిగి తేలేం. యంత్రభాషలో ఉన్న ప్రోగ్రాము నుంచి సోర్సు కోడ్‌ను రాబట్టే డీకంపైల్ అట్లాంటిది. డీబగ్ సమాచారమూ పేర్ల పట్టికా తీసేసిన ప్రోగ్రాముని గిడ్రా అనే డీకంపైల్ సాధనానికిస్తే, రాసినవాళ్లు పెట్టిన పేర్లూ వ్యాఖ్యలూ రావు. ఫంక్షన్లకు మెమరీ చిరునామాలే పేర్లవుతాయి. ‘అసలు సోర్సు కోడ్ దొరుకుతుంది’ అన్న వాక్యం కొట్టేయ్.

డూమ్ ఆట బొమ్మలూ మ్యాపులూ మూటగట్టి ఉండే వ్యాడ్ ఫైలును ఎంచుకోవడం బాగుంది. దాన్ని ఇంకా దగ్గరగా చూపించు. షేర్‌వేర్ (ఉచితంగా పంచిన భాగం) 1.9 ఫైలు మొదటి 12 బైట్లను, బైట్లను హెక్స్ అంకెల్లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) చూపే ఎక్స్‌ఎక్స్‌డీ కమాండ్‌తో చూడమను. మొదటి నాలుగూ ‘ఐవ్యాడ్’ (IWAD) అనే ఇంగ్లీషు అక్షరాలు. తర్వాత ఎఫ్0 04 00 00. కొత్తవాడు దీన్ని ఎఫ్004గా చదివి 61,444 అనుకుంటాడు. ఇందులో చిన్న స్థానపు బైటు ముందు వస్తుంది కాబట్టి అది 04ఎఫ్0, అంటే 1,264. వ్యాడ్‌లోని ఒక్కో విడి భాగాన్ని లంపు అంటారు, ఆ లంపుల లెక్క అది. చివరి నాలుగు బైట్లు లంపుల పట్టిక మొదలయ్యే చోటు: 41,75,796. పట్టికలో ఒక్కో లంపుకు 16 బైట్లు. చోటుకు 4, సైజుకు 4, పేరుకు 8. 1,264ను 16తో హెచ్చవేసి ఆ చోటుకు కలిపితే 41,96,020. ఫైలు మొత్తం సైజు సరిగ్గా అంతే ఉండాలి. తక్కువుంటే కాపీ మధ్యలో తెగిందన్నమాట.

నీ పైథాన్ స్క్రిప్టులో పెద్ద తప్పుంది. ప్రతి లంపునూ దాని పేరుతోనే సేవ్ చేస్తున్నావు. మొదటి మ్యాపు పేరున్న ఈ1ఎం1 (E1M1) లంపు సైజు సున్నా. అది మ్యాపు గుర్తు మాత్రమే. దాని వెనక థింగ్స్, లైన్‌డెఫ్స్ మొదలుకొని పది లంపులుంటాయి. తొమ్మిది మ్యాపుల్లోనూ అవే పేర్లు. అందుకే 90 ఫైళ్లు రావాల్సినచోట పదే మిగులుతాయి, అవీ చివరి మ్యాపువి. ఎర్రర్ ఒక్కటీ రాదు. పేరుకు ముందు పట్టికలోని వరుస సంఖ్య చేర్చు. లేదంటే వ్యాడ్ విప్పే డ్యూటెక్స్ అనే ప్రోగ్రాము వాడమను, అది ఒక్కో మ్యాపునూ విడి వ్యాడ్‌గా తీస్తుంది.

బొమ్మల రంగులు చెడిపోతున్నాయని రాశావు. ఆ లంపుల్లో రంగుండదు, 0 నుంచి 255 వరకు రంగు సంఖ్యే ఉంటుంది. అసలు రంగులు ప్లేపాల్ అనే లంపులో ఉంటాయి: 14 పట్టికలు, ఒక్కోటి 768 బైట్లు. మామూలు ఆటకు మొదటిది చాలు.

లంపును ‘ముద్ద’ అని అనువదించకు. సంగటి ముద్ద మనకు ఎంత దగ్గరైనా, తెరమీద కనిపించే మాటే వ్యాసంలోనూ ఉండాలి. ఆటను నడిపే డూమ్ ఇంజిన్ కోడ్ 1997లో బయటపెట్టారు గానీ బొమ్మలకూ మ్యాపులకూ హక్కులు అట్లే ఉన్నాయని ఒక వాక్యం చేర్చు. సాధనకు, అదే ఇంజిన్ కోసం ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛగా ఇచ్చిన బొమ్మలూ మ్యాపులూ ఉన్న ఫ్రీడూమ్ ఫైలు చూపించు.

స్క్రిప్టు దిద్దాక దాన్ని ఫ్రీడూమ్ మీద నడిపి, లంపుల సంఖ్య, పట్టిక చోటు, ఫైలు సైజు మూడూ రాసి పంపు. లెక్క నేనూ వేసి చూస్తాను.

నీ అన్న