పార్కిన్ గట్టిగా, పొడిపొడిగా వచ్చిందా? కోసే ముందు ఐదు రోజులు ఆగండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాంచెస్టర్‌లో ఉంటున్నారు, బాన్‌ఫైర్ నైట్‌కి (నవంబర్ 5 రాత్రి ఇక్కడ పెద్ద మంటలు వేసుకునే పండగ) ఆఫీసులో అందరూ తలా ఒకటి చేసుకురావాలి, మీ వంతుకి పార్కిన్ వచ్చింది, అదే ఓట్స్ రవ్వ, శొంఠితో చేసే ఉత్తర ఇంగ్లండ్ కేకు. ఒకసారి చేసి చూసుకుందామని చేస్తే పైన పెచ్చు కట్టింది, లోపల పొడిపొడిగా ఉంది, మధ్యలో గుంట పడింది, నాలుక మీద ఏదో చేదు. షాపులో కొన్నదేమో జిగురుగా, మెత్తగా ఉంటుంది, తేడా ఎక్కడొచ్చింది అని అడిగారు.

ముందు ఒక మాట చెప్పండి, ఎప్పుడు కోసి తిన్నారు? ఓవెన్‌లోంచి తీసిన రోజే అయితే మీ సమస్యలో సగం అదే. పార్కిన్ తీసిన రోజు తినేది కాదండీ. డబ్బాలో మాగాలి. మామూలు కేకు రోజులు గడిచేకొద్దీ ఎండిపోతుంది, ఇది రోజులు గడిచేకొద్దీ తడి పట్టి మెత్తబడుతుంది. నాకు ఇది తెలియక మొదటిసారి చేసింది సగానికి పైగా చెత్తబుట్టలో వేశాను, ఇప్పటికీ ఆ బాధ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మేము యార్క్‌షైర్‌లోని లీడ్స్‌లో ఉంటాం. వచ్చిన మొదటి ఏడాదే నవంబర్‌లో మా పక్కింటి పెద్దావిడ బటర్ పేపర్‌లో చుట్టి నాలుగు ముక్కలు ఇచ్చారు. నోట్లో పెట్టుకోగానే శొంఠి ఘాటు, దాని వెనకాలే ముదురు బెల్లం లాంటి రుచి, పళ్లకి కాస్త అంటుకునే జిగురు. మా ఇంట్లో బాలింతకి పెట్టే శొంఠి ఉండ గుర్తొచ్చి ఒక్క నిమిషం మాట రాలేదు నాకు. మర్నాడే చేశాను, వేడివేడిగా కోశాను, మా ఆయన ఒక ముక్క తిని మంచినీళ్లు తెచ్చుకున్నారు. సగం పారేశాక ఆవిడకి చెబితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే, ఎప్పుడు కోశావు అని. వాళ్ల అమ్మగారు చేసి డబ్బాలో పెట్టి బీరువా పైన దాచేవారట, ఐదో తారీఖు దాకా పిల్లలెవరూ మూత తీయకూడదు. మనింట్లో ఆవకాయ జాడీకి మూడో రోజు దాకా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వరు కదా, అలాగన్నమాట.

ఇది ఉత్త ఆచారం కాదు, కారణం ఉంది. పార్కిన్‌లో మైదా తక్కువ, ఓట్‌మీల్ (ఓట్స్ రవ్వ) ఎక్కువ. ఓట్‌మీల్ నీటిని చాలా నిదానంగా పీలుస్తుంది, ఓవెన్‌లో ఉండే ఆ గంటసేపు దానికి చాలదు. ట్రీకిల్ (నల్లటి, చిక్కటి చక్కెర పాకం), గోల్డెన్ సిరప్ (బంగారు రంగు చక్కెర పాకం) రెండూ తేమని పట్టి ఉంచే రకం, ఎండిపోనివ్వవు. మూత బిగించి పెడితే లోపలి తడి నెమ్మదిగా పై పెచ్చు దాకా పాకుతుంది. మొదటి రోజు పైన గట్టిగా ఉంటుంది, మూడో రోజుకి వేలితో నొక్కితే లొంగుతుంది, ఐదో రోజుకి పైభాగం మెరుస్తూ వేలికి అంటుకుంటుంది. అల్లం ఘాటు కూడా అప్పటికే కుదురుకుంటుంది.

ఇక రెండో సంగతి, మీరు వాడింది పోరిడ్జ్ ఓట్స్ అన్నారు. అవి ఆవిరి పట్టి రోలర్ల కింద నలిపిన రేకులు, ఉడికాక రేకులు రేకులుగానే ఉంటాయి. పార్కిన్‌కి కావాల్సింది మీడియం ఓట్‌మీల్, అంటే ఓట్ గింజని రవ్వలా విసిరింది. చేతిలోకి తీసుకుంటే సరిగ్గా మన ఉప్మా రవ్వలా ఉండాలి. పిన్‌హెడ్ అని ఇంకో రకం దొరుకుతుంది, అది గోధుమ నూకంత ఉంటుంది, అదొక్కటే వేస్తే పంటికింద పలుకు తగులుతుంది. మీడియం దొరక్కపోతే పోరిడ్జ్ ఓట్స్‌నే మిక్సీలో రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పండి, రవ్వ దగ్గర ఆపేయాలి, పిండి కాకూడదు. అసలైన ఓట్‌మీల్‌తో వచ్చినంత బాగా రాదు కానీ రేకుల కంటే ఎంతో నయం.

నేను చేసే కొలత చెబుతాను, 20 సెంటీమీటర్ల చదరపు టిన్‌కి సరిపోతుంది. వెన్న 120 గ్రాములు, బ్లాక్ ట్రీకిల్ 120, గోల్డెన్ సిరప్ 100, ముదురు రంగు బ్రౌన్ షుగర్ 110. ఇవన్నీ గిన్నెలో వేసి సన్నని సెగ మీద కరిగించండి, కరిగితే చాలు, మరగనివ్వద్దు. మరిగితే పాకం ముదిరి, చల్లారాక కేకు బిస్కెట్‌లా బిగుస్తుంది. అరిసెల పాకం పట్టినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంకో గిన్నెలో మీడియం ఓట్‌మీల్ 200 గ్రాములు, మైదా 130, శొంఠి పొడి మూడు టీస్పూన్లు నిండుగా, మిక్స్‌డ్ స్పైస్ (దాల్చినచెక్క, జాజికాయ లాంటివి కలిపిన పొడి) ఒక టీస్పూన్, వంట సోడా ఒక టీస్పూన్ మట్టంగా, చిటికెడు ఉప్పు కలుపుకోండి. పాకం గోరువెచ్చగా అయ్యాక పొడుల్లో పోసి, 75 మిల్లీలీటర్ల పాలు, గిలక్కొట్టిన గుడ్డు ఒకటి వేసి కలపండి. పిండి జారుగా, దోసెల పిండిలా ఉంటుంది, ఇంత పలుచగా ఉందేమిటని టెన్షన్ పడి మైదా పెంచకండి, ఆ తడంతా తర్వాత ఓట్‌మీల్ తాగేస్తుంది. ట్రీకిల్ చెంచాకి పట్టుకుని వదలదు కాబట్టి గిన్నెని కాటా మీద పెట్టి నేరుగా అందులోకే తూచుకోండి, డబ్బాని ముందు ఐదు నిమిషాలు వేడినీళ్లలో ఉంచితే సులువుగా జారుతుంది.

ఓవెన్ 180 పెట్టానన్నారు, అది ఎక్కువ. ఇంత తీపి ఉన్న పిండి ఆ వేడికి పైనా అంచుల్లో మాడుతుంది, మధ్యలో పచ్చిగా మిగులుతుంది. ఫ్యాన్ ఓవెన్ అయితే 140, ఫ్యాన్ లేకపోతే 160, ఒక గంట పడుతుంది, మీ ఓవెన్‌ని బట్టి పది నిమిషాలు అటూ ఇటూ. మొదటి నలభై నిమిషాలు తలుపు తీయొద్దు. గుంట పడటానికి నాకు తెలిసి మూడు కారణాలు, తలుపు ముందే తీయడం, మధ్యలో ఉడక్కముందే బయటికి తీయడం, సోడా ఎక్కువవడం. మీ చేదుకి కారణం కూడా చాలావరకు ఆ సోడానే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ వాడి, దానిపైన రెండు టీస్పూన్ల సోడా వేశారు. ఆ పిండిలో బేకింగ్ పౌడర్ ముందే ఉంటుంది. ట్రీకిల్‌కి కాస్త పులుపు గుణం ఉంది, సోడా దానితో కలిసే పొంగుతుంది, పొంగగా మిగిలిన సోడా సబ్బు రుచి ఇస్తుంది. మైదా అయితే ఒక టీస్పూన్ సోడా, సెల్ఫ్ రైజింగ్ అయితే అర టీస్పూన్ చాలు. ట్రీకిల్‌కి సహజంగా ఉండే చేదు వేరు, అది ఉండాల్సిందే. అది మరీ ఎక్కువనిపిస్తే ట్రీకిల్ తగ్గించి గోల్డెన్ సిరప్ పెంచుకోండి, మీ వైపు లాంకషైర్ పార్కిన్ సాధారణంగా అలాగే లేత రంగులో, తియ్యగా ఉంటుంది, మా యార్క్‌షైర్‌ది నల్లగా ఘాటుగా ఉంటుంది. నా ఓటు నలుపుకే.

టిన్‌లోనే పూర్తిగా చల్లారనివ్వండి. కోయకుండా మొత్తం ముక్కగానే బటర్ పేపర్‌లో చుట్టి, గాలి దూరని డబ్బాలో పెట్టి మూత బిగించండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. మూడు రోజులు తప్పనిసరి, ఐదు రోజులైతే మంచిది, వారమైతే ఇంకా మంచిది. ఆ తర్వాత ఇంకో వారం హాయిగా నిలవ ఉంటుంది.

మాంసం తినని వాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం: పాత పద్ధతిలో వెన్నకి బదులు లార్డ్, అంటే పంది కొవ్వు వేసేవారు. ఇప్పటికీ కొందరు అలాగే చేస్తారు, బయట కొనేటప్పుడు లేబుల్ చూసుకోండి. ఇంట్లో వెన్నతో చేస్తే రుచికి లోటేమీ ఉండదు.

ఓట్సే ఎందుకు అని కూడా అడిగారు కదా. ఉత్తర ఇంగ్లండ్ కొండ ప్రాంతం, చలి, ఎప్పుడూ తడి, గోధుమ సరిగా పండేది కాదు. ఓట్స్ పండేవి. మన దగ్గర మెట్ట నేలల్లో జొన్న, రాగి ఎలా తిండయ్యాయో అక్కడ ఓట్స్ అలా అయ్యాయి. ఓవెన్ లేని ఇళ్లలో పొయ్యి మీద పెనం లాంటి దానిపైనే కాల్చుకునేవారు. చక్కెర శుద్ధి చేయగా మిగిలే ట్రీకిల్ చవగ్గా దొరకడంతో అదే తీపి అయింది, గోల్డెన్ సిరప్ చాలా తర్వాత, 1880ల్లో వచ్చింది. నవంబర్ 5 సంగతి మీకు తెలిసే ఉంటుంది, 1605లో పార్లమెంటుని పేల్చే కుట్రలో ఉన్న గై ఫాక్స్ దాని కింద మందుగుండుతో దొరికిపోయిన రోజు. ఆయన పుట్టింది మా యార్క్‌లోనే, అందుకో ఏమో ఇక్కడివాళ్లకి ఆ రాత్రి మీద ఇంకాస్త మక్కువ అనిపిస్తుంది నాకు. మంట దగ్గర నిలబడి చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఒక చేతిలో వేడి టీ, ఇంకో చేతిలో పార్కిన్ ముక్క, శొంఠి గొంతులోంచి దిగుతుంటే ఒళ్లంతా వెచ్చబడుతుంది. ఈ వంటకం ఆ రాత్రికే పుట్టిందనిపిస్తుంది.

చివర్లో హైదరాబాద్‌లో ఉన్న మీ అమ్మగారి చేత చేయించాలని ఉందన్నారు. కిందటి సంక్రాంతికి గుంటూరు వెళ్లినప్పుడు ఇదే ప్రయత్నం చేశాను. ట్రీకిల్ బదులు నల్ల బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి, మట్టీ ఇసకా పోయేలా వడకట్టి, తేనెలా చిక్కబడేదాకా మరిగించాను. తీగ పాకం రాకముందే దించేయాలి. బెల్లానికి ట్రీకిల్ అంత పులుపు ఉండదు కాబట్టి పాలల్లో ఒక చెంచా పెరుగు కలిపితే సోడా బాగా పనిచేసింది. అంత నలుపు రాలేదు, ఆ చేదు కూడా లేదు, కానీ జిగురు కుదిరింది, శొంఠి ఇంట్లో దంచింది కావడంతో ఘాటు ఇక్కడికంటే బాగుంది. మా అమ్మ నాలుగో రోజు దాకా ఆగింది పాపం, ఐదో రోజుకి డబ్బా ఖాళీ.

ఇప్పుడు చేసింది మాత్రం పారేయకండి. గట్టి పెచ్చు, పొడిదనం చుట్టి పెడితే చాలావరకు సర్దుకుంటాయి, సబ్బు రుచి పోదు కానీ వేడి కస్టర్డ్ పోసుకుని తింటే అంతగా తెలియదు. ఆఫీసుకి తీసుకెళ్లేది అక్టోబర్ 30న చేసి పెట్టుకోండి, 5వ తేదీ పొద్దున కోసి పట్టుకెళ్లొచ్చు.